కవరు మీద పేరు ఒకరిది, ముట్టుకునే చేతులు పదిమందివి

దగ్గు రెండు వారాలు దాటితే గవర్నమెంటు ఆస్పత్రిలో కళ్లె పరీక్ష రాస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ కళ్లెను మందుతో కలిపి ఒక చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లో పోసి, కాఫీ మెషిన్ లాంటి పెట్టెలో పెడతారు. రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, ఉంటే రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో ఆ పెట్టె చెప్పేస్తుంది. మన ఆస్పత్రుల్లో దాన్ని సీబీనాట్ అంటారు. తయారుచేసిన కంపెనీ పెట్టిన పేరు జీన్ ఎక్స్‌పర్ట్. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీ పరీక్షకు దీన్ని సిఫార్సు చేసింది. కోవిడ్ రోజుల్లోనూ ఈ పెట్టె బాగానే కష్టపడింది.

కానీ టీబీ కంటే ముందు దీనికి దొరికిన పెద్ద ఉద్యోగం ఆస్పత్రిలో కాదు. అమెరికా పోస్టాఫీసులో!

ఉత్తరాలు సార్టింగ్ చేసేచోట రోగాల పరీక్ష చేసే యంత్రానికి ఏం పని? ఈ వారం ఆ కథే చెబుతాను. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సర్వర్లలో ఏదైనా తేడా వస్తే అలారం మోగించే ప్రోగ్రాములు రాయడం నా పని. అందుకే ఈ కథలో నన్ను పట్టుకున్నది యంత్రం కాదు, దాన్ని ఎక్కడ పెట్టారన్న సంగతి.

2001 సెప్టెంబరు 11 దాడులు జరిగి సరిగ్గా వారం. న్యూజెర్సీలోని ట్రెంటన్ ముద్రతో, సెప్టెంబరు 18 తేదీతో కొన్ని ఉత్తరాలు పత్రికలకు, టీవీ చానళ్లకు వెళ్లాయి. అక్టోబరు 9 ముద్రతో మరో రెండు ఉత్తరాలు సెనేటర్లు టామ్ డాష్‌లీ, పాట్రిక్ లేహీ పేర్ల మీద బయల్దేరాయి. లోపల పొడి. ఆ పొడి ఆంత్రాక్స్.

ఆంత్రాక్స్ అంటే మన పల్లెలకు కొత్తేం కాదు. గొర్రెల కాపరుల్ని అడిగితే దొమ్మ రోగం అంటారు. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం ముట్టుకున్న మనుషులకు చర్మం మీద పుండ్లుగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. దాని సూక్ష్మజీవి పరిస్థితులు బాగోకపోతే గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా నిద్రపోతుంది. ఆ రూపాన్ని స్పోర్ అంటారు. మట్టిలో దశాబ్దాలపాటు అలా ఉండగలదు. చర్మానికి సోకితే మందులతో చాలావరకు తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

మొదట చనిపోయింది ఫ్లోరిడాలో ఒక పత్రికల సంస్థలో పనిచేసే ఫోటో ఎడిటర్ రాబర్ట్ స్టీవెన్స్. అక్టోబరు 5న. ఆ తర్వాత అక్టోబరు 15న వాషింగ్టన్‌లో డాష్‌లీ ఆఫీసులో ఉత్తరం తెరిచారు. పొడి లేచింది. వెంటనే కదిలారు. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ల ముక్కుల్లోంచి శాంపిళ్లు తీశారు. సిప్రో మాత్రలు ఇచ్చారు. మన మెడికల్ షాపులో దొరికే సిప్రోఫ్లాక్సాసినే అది. తర్వాత సెనేట్ ఆఫీసుల హార్ట్ భవనాన్ని మూసేశారు. ఆ ఆఫీసులో ఒక్కరు కూడా చనిపోలేదు. సకాలంలో మందు పడింది కాబట్టి.

ఇక్కడిదాకా వింటే వ్యవస్థ బాగానే పనిచేసింది అనిపిస్తుంది కదా? ఇప్పుడు ఉత్తరం వచ్చిన దారిలో వెనక్కి వెళ్దాం.

ఆ ఉత్తరం సెనేటర్ బల్ల మీదికి గాల్లో ఎగిరి రాలేదు. వాషింగ్టన్ నగరంలోనే బ్రెంట్‌వుడ్ అనే పెద్ద సార్టింగ్ సెంటర్ మీదుగా వచ్చింది. రెండు వేలమందికి పైగా పనిచేసే చోటు. అక్కడి యంత్రాలు గంటకు వేల ఉత్తరాల్ని బెల్టుల మధ్య గట్టిగా నొక్కి పట్టి పరిగెత్తిస్తాయి. యంత్రంలో కాగితపు దుమ్ము పేరుకుంటే కంప్రెసర్ గాలితో ఊదేయడం అప్పట్లో మామూలు.

మరి ఆ కార్మికులకు మందు ఎప్పుడిచ్చారు? డాష్‌లీ ఆఫీసులో కవరు తెరిచిన ఆరు రోజులకు, అక్టోబరు 21న, బ్రెంట్‌వుడ్ ఉద్యోగి ఒకరికి ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ అని తేలాక. అంతకు మూడు రోజుల ముందే, అక్టోబరు 18న, పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆ భవనంలోనే విలేకరుల సమావేశం పెట్టారు. జనానికి, ఉద్యోగులకు ధైర్యం చెప్పడానికి.

వాళ్లందరూ దుర్మార్గులని కాదు. అప్పటి వైద్య నిపుణుల అంచనా ఒకటే: కవరు అంటించి ఉంది, తెరిచినవాళ్లకే ప్రమాదం, మోసినవాళ్లకు కాదు. ఆ అంచనా తప్పింది. కవరు కాగితం మన కంటికి గట్టిగా కనిపిస్తుందిగానీ, స్పోర్‌తో పోలిస్తే దాని సందులు పెద్ద దర్వాజాలే. బెల్టుల మధ్య నలిగినప్పుడల్లా పొడి బయటికొచ్చింది.

థామస్ మోరిస్ వయసు 55. అక్టోబరు 21 తెల్లవారుజామున 911కి ఫోన్ చేసి, తనకు సోకింది ఆంత్రాక్స్ అయివుంటుందని తానే చెప్పాడు. ఆరోజే చనిపోయాడు. జోసెఫ్ కర్సీన్ వయసు 47. ఒంట్లో బాగోక ఆస్పత్రికి వెళ్తే మొదట ఇంటికి పంపించేశారు. అక్టోబరు 22న చనిపోయాడు. ఇద్దరూ బ్రెంట్‌వుడ్ ఉద్యోగులే.

మొత్తం 22 మందికి సోకింది. అయిదుగురు పోయారు. కవరు మీద పేర్లున్న సెనేటర్లిద్దరూ క్షేమం.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. లేహీ పేరున్న ఉత్తరం సెనేట్‌కి చేరనే లేదు. దాని పిన్‌కోడ్ 20510. యంత్రం దాన్ని 20520 అని చదివింది. ఒక్క అంకె! దాంతో ఉత్తరం వర్జీనియాలోని విదేశాంగ శాఖ మెయిల్ కేంద్రానికి పోయింది. అక్కడ పనిచేసే ఒకాయన ఊపిరితిత్తుల ఆంత్రాక్స్‌తో ఆస్పత్రిపాలై, చావుదాకా వెళ్లి బతికాడు. ఆ కవరు నవంబరులో, పక్కన పెట్టేసిన సంచుల్లో వెతికితే, తెరవకుండానే దొరికింది. కాగితం మీది అంకెల్ని చదివే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పొరపాట్లు మాకు రోజూ చూసే విషయమే. "99 శాతం కరెక్ట్" అని స్లైడు మీద రాసుకుంటాం. మిగతా ఒక్క శాతం ఎవరి బల్ల మీద పడుతుందో స్లైడులో ఉండదు.

రెండోది, కనెటికట్ రాష్ట్రంలో ఒక 94 ఏళ్ల పెద్దావిడ. ఇల్లు దాటడమే తక్కువ. ఏ పత్రికతో, ఏ సెనేటర్‌తో సంబంధం లేదు. నవంబరు 21న ఆంత్రాక్స్‌తోనే చనిపోయింది. ఇల్లంతా వెతికినా స్పోర్లు దొరకలేదు. ఆ ప్రాంతపు ఉత్తరాలు సార్టింగ్ చేసే కేంద్రంలోని యంత్రాల్లో మాత్రం దొరికాయి. విషపు ఉత్తరం ఆమెకు రాలేదు. దానివల్ల మైలపడ్డ దారిలో నడిచొచ్చిన మామూలు ఉత్తరమే ఆమెను చంపిందని పరిశోధకుల అభిప్రాయం.

ఇవన్నీ అయ్యాక అమెరికా ప్రభుత్వం రెండు పనులు చేసింది.

మొదటిది, వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ఆఫీసులకు వెళ్లే ఉత్తరాలను ఎలక్ట్రాన్ కిరణాల కింద పెట్టడం. స్పోర్లు చస్తాయి. కాకపోతే కాగితం పసుపు తిరిగి అప్పడంలా పెళుసవుతుంది. ఫోటో ఫిల్ములు పాడవుతాయి. మందులు, విత్తనాలు పంపితే నమ్మడానికి లేదు. ఉత్తరం చేరడానికి రోజులు ఎక్కువ పడతాయి. పద్ధతి మంచిదే. కానీ గమనించారా? ఇది కాపాడేది ప్రధానంగా ఉత్తరం అందుకునేవాళ్లను. ఎక్కడో ఊళ్లో డబ్బాలోంచి తీసి మొదటి యంత్రంలో పోసిన కార్మికుడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. కిరణాల దగ్గరికి వెళ్లేలోపే అతని చేతులు దాటిపోయింది.

రెండో పని ఆ మొదటి కార్మికుడి కోసం. అక్కడే మన సీబీనాట్ పెట్టె వస్తుంది.

వీధి డబ్బాల్లోంచి వచ్చిన ఉత్తరాల్ని ఒకవైపు తిప్పి, స్టాంపు మీద ముద్ర కొట్టే యంత్రం ఒకటుంటుంది. సార్టింగ్ సెంటర్‌లో ఉత్తరాన్ని మొట్టమొదట గట్టిగా నొక్కేది అదే. దాని మీద ఒక మూత లాంటిది పెట్టి గాలిని పీలుస్తారు. ఆ గాలిలోని దుమ్మును నీళ్లలోకి పట్టి, దాదాపు గంటసేపటి శాంపిల్‌ను కార్ట్రిడ్జ్‌లోకి పంపుతారు. మిగతాదంతా కార్ట్రిడ్జ్ లోపలే జరుగుతుంది. మనకు వినపడని శబ్ద తరంగాలతో స్పోర్ పెంకు పగలగొడుతుంది. లోపలి డీఎన్ఏ బయటికొస్తుంది. ఆంత్రాక్స్ తాలూకు డీఎన్ఏ ముక్క ఉంటే దాన్ని రెట్టింపు చేస్తుంది. మళ్లీ రెట్టింపు. మళ్లీ రెట్టింపు. ఒక్కదాన్ని 30 సార్లు రెట్టిస్తే 107 కోట్లు దాటుతుంది. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. లేని ముక్క మాత్రం ఎన్నిసార్లు రెట్టించినా సున్నాయే. ఈ పరీక్షకు అరగంట. టీబీ క్రిమికి కూడా మైనం పూసినట్టు గట్టి గోడ ఉంటుంది కాబట్టి, పెంకు పగలగొట్టే ఆ విద్యే తర్వాత మన కళ్లె పరీక్షకూ పనికొచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఈ కార్ట్రిడ్జ్ తనను తాను కూడా పరీక్షించుకుంటుంది. "లేదు" అనడానికీ, "నేను సరిగ్గా చూడలేకపోయాను" అనడానికీ తేడా చెబుతుంది. చూడ్డానికి చిన్న విషయం. కానీ అలారం సిస్టమ్ రాసేవాడికి ఇదే ప్రాణం. సెన్సర్ చచ్చిపోయి తెరమీద పచ్చలైటు వెలుగుతుంటే, అంతకంటే ప్రమాదం ఏముంది?

తప్పుడు అలారం సంగతేమిటి అంటారా? లెక్క చూద్దాం. ఇవి నేను ఉదాహరణకి తీసుకున్న అంకెలు. రోజుకు దేశమంతా వెయ్యి పరీక్షలు, ఒక్కో పరీక్ష వెయ్యిసార్లలో ఒక్కసారి మాత్రమే ఉత్తపుణ్యానికి మోగుతుంది అనుకుందాం. వినడానికి గొప్ప యంత్రమే. కానీ సగటున రోజుకో భవనం ఖాళీ చేయించాలి. వందలమందిని రోడ్డు మీద నిలబెట్టాలి, పోలీసులు రావాలి, టీవీలు రావాలి. నెల తిరిగేసరికి అలారం మోగినా ఎవరూ కుర్చీలోంచి లేవరు. "నాన్నా పులి" కథే. అరుదైనదాన్ని రోజూ వెతికే యంత్రం మామూలు కచ్చితత్వంతో సరిపెట్టుకోకూడదు.

ఇంకా ముఖ్యమైంది టైము. 2005 మార్చిలో అమెరికా రక్షణశాఖ ప్రధాన కార్యాలయం పెంటగాన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి మెయిల్ కేంద్రంలో తీసిన శాంపిళ్లను బయటి ల్యాబుకి పంపేవారు. ఆంత్రాక్స్ ఉందని ల్యాబు చెప్పేసరికి, ఆ ఉత్తరాల్ని అప్పటికే పంచేశారు! వందలమందికి ముందుజాగ్రత్తగా మందులివ్వాల్సొచ్చింది. చివరికి అది ల్యాబులోనే అంటుకున్న పొరపాటని, ఉత్తరాల్లో ఏమీ లేదని తేలింది. తేలిపోయింది సరే. కానీ ఫలితం రాకముందే పార్సిల్ గేటు దాటితే, ఇక పరీక్ష ఎందుకు? అది కాపలా కాదు, పోస్టుమార్టం. సార్టింగ్ సెంటర్ యంత్రం విషయంలో అందుకే ఫలితం వచ్చేదాకా ఆ ఉత్తరాలు భవనం దాటకూడదన్న పద్ధతి పెట్టుకున్నారు.

అలాగని యంత్రం సర్వజ్ఞుడేం కాదు. ఏది వెతకమంటే అదే వెతుకుతుంది. 2013 ఏప్రిల్లో అధ్యక్షుడు ఒబామాకు, సెనేటర్ రోజర్ వికర్‌కు వచ్చిన ఉత్తరాల్లో ఉన్నది రైసిన్. ఆముదపు గింజల్లో ఉండే విషం అది. మహబూబ్‌నగర్ వైపు ఆముదం వేసే రైతును అడగండి, గింజ నూరిన పిండి ఎరువుకే తప్ప పశువుకు పెట్టకూడదని చెబుతాడు. నూనెలోకి ఆ విషం రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. రైసిన్ ప్రాణమున్న క్రిమి కాదు, ఒక ప్రొటీన్. ఆంత్రాక్స్ డీఎన్ఏ కోసం కూర్చున్న యంత్రానికి దాంతో పనిలేదు. ఆ ఉత్తరాలు పట్టుబడింది అసలు ఆఫీసులకు దూరంగా పెట్టిన మెయిల్ తనిఖీ కేంద్రాల్లో. అంటే వేరే యంత్రాలు, వేరే పరీక్షలు, వాటికంటే ముందు అనుమానించే మనిషి.

ఆ మనిషి గురించే నా బాధంతా.

మా బాబాయి విజయవాడ ఆర్.ఎం.ఎస్.లో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరయ్యాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తే చొక్కా కాలరు నల్లగా ఉండేది, సంచుల దుమ్ముతో. ఈ కథ చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఒరే, అడ్రసులో పేరు ఒకడిదేరా. ముట్టుకునేది పదిమందిమి. మాలో ఒక్కడి పేరూ దానిమీద ఉండదు" అన్నాడు. "మరి జాగ్రత్తలేం చెప్పేవారు బాబాయ్?" అనడిగాను. "ఉత్తరం చిరక్కుండా చూడమనేవారు" అన్నాడు.

నవ్వేశాంగానీ, తర్వాత మా ఆఫీసు సంగతి ఆలోచించాను. హైదరాబాద్‌లో పద్నాలుగు అంతస్తుల గాజు భవనం. కొరియర్ వస్తే ముందు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న తీసుకుంటాడు. అక్కణ్ణుంచి మెయిల్ రూం కుర్రాడు అంతస్తుల వారీగా విడదీస్తాడు. చివర్లో మా డెస్కు. అనుమానం కలిగించే పార్సిల్ వస్తే ఏం చేయాలో ఏడాదికోసారి మాకు ఈమెయిల్లో కోర్సు వస్తుంది. చివర్లో పది ప్రశ్నల క్విజ్. పాసైతే సర్టిఫికెట్. సెక్యూరిటీ అన్నకు ఆ కోర్సు వచ్చిందా అని అడిగాను. ఆయన కాంట్రాక్టు మనిషి. కంపెనీ ఈమెయిల్ ఐడీయే లేదు. కవరును అందరికంటే ముందు ముట్టుకునే ఆయనకు తప్ప మిగతా అందరికీ ట్రైనింగ్ ఉంది.

మీ ఆఫీసులో, స్కూల్లో, అపార్ట్‌మెంటులో ఎలా ఉందో ఓసారి చూడండి. చెప్పాల్సింది పెద్ద విద్య కాదు. కవరులోంచి పొడి రాలుతుంటే ఊపొద్దు, వాసన చూడొద్దు, ఫోటో కోసం ఇంకొకరి చేతికివ్వొద్దు. ఉన్నచోటే మెల్లగా పెట్టేయాలి. ఫ్యాన్, ఏసీ ఆపాలి. గదిలోంచి అందరూ బయటికి వచ్చి తలుపు వేసేయాలి. సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలి, ముఖం ముట్టుకోకూడదు. 112కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో గదిలో ఎవరెవరున్నారో పేర్లు రాసిపెట్టాలి. నూటికి తొంభైతొమ్మిదిపాళ్లు అది టాల్కం పౌడరో, మైదానో అవుతుంది. అయినా సరే. ఇది అయిదు నిమిషాల్లో తెలుగులో చెప్పగలిగిన పాఠం. గేటు దగ్గర నిలబడి చెప్పొచ్చు, ఈమెయిల్ ఐడీ అక్కర్లేదు. మా ఫెసిలిటీస్ మేనేజరుతో మాట్లాడి పోయిన నెల చెప్పించాం. అంతా విన్నాక సెక్యూరిటీ అన్న అడిగిన మొదటి ప్రశ్న: "సార్, చేతులు కడుక్కోమన్నారు బానే ఉంది. గేటు దగ్గర కొళాయేదీ?" ఆ కొళాయి కోసం ఇప్పుడు తిరుగుతున్నాం.

ఏ తనిఖీ వ్యవస్థనైనా రెండు ప్రశ్నలు అడగొచ్చని ఈ కథ నాకు నేర్పింది. ఎంత కచ్చితంగా పనిచేస్తుంది అనేది ఒకటి. దాని గురించి ఇంజనీర్లం గంటలు గంటలు మాట్లాడతాం. ఎవరి పక్కన పెట్టారు అనేది రెండోది. బల్ల దగ్గర పెడితే పేరున్నవాణ్ణి కాపాడుతుంది. బెల్టు దగ్గర పెడితే పేరు లేనివాణ్ణీ, వాడి తర్వాత ఆ దారిలో ఉన్న అందరినీ కాపాడుతుంది. యంత్రం అదే, ఖర్చూ దాదాపు అదే.

బ్రెంట్‌వుడ్ కేంద్రాన్ని క్లోరిన్ డయాక్సైడ్ వాయువుతో శుభ్రం చేసి మళ్లీ తెరిచేసరికి 2003 డిసెంబరు అయింది. రెండేళ్ల పైమాటే. ఇప్పుడు దాని పేరు కర్సీన్-మోరిస్ మెయిల్ ప్రాసెసింగ్ సెంటర్. వేల ఉత్తరాల్ని సరైన పేరుకు చేర్చిన ఆ ఇద్దరి పేర్లూ చివరికి భవనం గోడ మీదికి ఎక్కాయి. బతికుండగా మందుల జాబితాలో ఎక్కివుంటే ఎంత బాగుండేది.